బయలుదేరిన మూట

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున మేడ్చల్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని రెండో చాయ్ కోసం చూస్తుంటే, మా ఆవిడ చాయ్‌కి బదులు ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "మా బావ. నీతోని మాట్లాడాల్నట" అంది, మొహంలో ఏ భావమూ కనిపించనీయకుండా. మా ఆవిడ బావ అంటే నాకు షడ్డకుడు. ఆమె అక్కను చేసుకున్న మహానుభావుడు. శామీర్‌పేటలో ఉంటాడు, ఇక్కడికి బండి మీద ముప్పావుగంట. ఆయనా నేనూ మాట్లాడుకోక పాతికేళ్లు దాటింది. పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడితే ఆయన మామిడాకుల తోరణం చూస్తాడు, నేను చెప్పులు చూసుకుంటాను. వరసకు అన్నా అనాలి. నేను అనను. అలాంటి మనిషి ఫోనులో హలో లేదు, బాగున్నవా లేదు, "నీ మూట ఉన్నది మా సజ్జ మీద. ఇల్లు కూలగొడ్తున్నరు. తీస్కపోతవా, పారెయ్యాల్నా?" అన్నాడు. "గేటు బయట పెట్టు, వచ్చి తీసుకుంట" అన్నాను. "లోపటికొచ్చి తీస్కపో" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. ఏమన్నడని మా ఆవిడ అడిగితే, ఎప్పుడూ అనేదే అన్నడు అని చెప్పాను. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి అతను. ముసలితనం వచ్చింది గానీ నాలుగో కాలు మొలవలేదు.

చాయ్ ఆ రోజు రుచించలేదు. ఆ మూట గురించి చెప్పాలంటే ముందు ఇప్పటి పిల్లల సంగతి చెప్పాలి. ఆదివారాలు పేట్ బషీరాబాద్ నుంచి మా వైపు హైవే మీద గుంపులు గుంపులుగా వస్తుంటారు, ఏనుగంత మోటారు సైకిళ్లు వేసుకుని. రెండు వైపులా ఇనప్పెట్టెలు, వెనక డేరా, పక్కన నీళ్ల సీసాకు ఒక జాలీ, మోకాళ్లకు చిప్పలు. క్యాంపింగ్ అట. అన్నీ దుకాణంలో కొన్నవే, ఒక్క వస్తువు మీద కూడా చేతి గీత ఉండదు. చాయ్ కొట్టు దగ్గర దిగి ఫోటోలు తీసుకుని, ఎండెక్కకముందే ఇళ్లకు పోతారు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. ఉంది. ఎందుకంటే తొంభైల చివర మేం ఆ పెట్టెల్నీ, ఆ డేరానీ, ఆ జాలీనీ మా చేతులతో చేసుకున్నాం, అదీ నూరు సీసీల బుల్లి బండికి. చేసుకుని పోలేకపోయాం. పోనివ్వని వాడు నిన్నగాక మొన్న ఫోన్ చేసి మూట పారెయ్యాల్నా అంటున్నాడు.

"మేం" అంటే నేనూ మా మామా. మామ, అంటే మా ఆవిడ నాయిన, వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండ్ల వరసలో కలప తోలేవాడు. శామీర్‌పేట నుంచి గోదారి ఒడ్డు దాకా, అడవుల్లోంచి, వాగుల్లోంచి బండ్లబాట. రాత్రుళ్లు బండ్ల కింద పడక, పొద్దున రాళ్ల పొయ్యి మీద జొన్న గటక. ఆ తర్వాత లారీలొచ్చాయి, ఎడ్లు పోయాయి, మామ శామీర్‌పేటలో ఇంటిపట్టున కూర్చున్నాడు. డెబ్బై దాటాక ఆయన కళ్లకు నీటికాసుల జబ్బు పట్టింది. నేనే అల్వాల్‌లో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చూపు పక్కల నుంచి మూసుకుపోయింది, ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది, అది కూడా వానాకాలం దాకా ఉంటే గొప్ప, పోయిన చూపు మళ్లీ రాదు అని చెప్పాడాయన. తిరిగొచ్చేటప్పుడు మామ బండి వెనక కూర్చున్నాడు. కొంత దూరం వచ్చాక నా భుజం తట్టి, "అల్లుడా, గోదారి రేవు ఒక్కసారి చూపిస్తవా? అటెన్క మూసుకపోతె మూసుకపోనీ" అన్నాడు. బస్సులో తీసుకుపోతానన్నాను. "బస్సుల పోతె రోడ్డు కనిపిస్తది, బాట కనిపియ్యదు" అన్నాడు. ఆ మాటతో నాకు పిచ్చి పట్టింది. మగపిల్లలు లేని ఆ ఇంట్లో చిన్నల్లుడి స్థానం ఏమిటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆ రోజు చెప్పినట్టు అనిపించింది.

అప్పుడు నేను జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసేవాణ్ని. ఇంటికొచ్చేసరికి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి, సబ్బుకు లొంగేవి కావు. ఆ చేతుల మీదే మా షడ్డకుడితో మొదటి గొడవ. ఆయనకు ఊరి చివర భూములు, పెద్ద ఇల్లు, ఇంటికి ఇనప గేటు, గేటు లోపల జీపు. వాళ్ల అబ్బాయి పుట్టువెంట్రుకల దావత్‌కి నేను డ్యూటీ నుంచి నేరుగా వెళ్లాను, ఆలస్యమైతే మాట వస్తుందని. గేటు దగ్గర వంద మంది చుట్టాల ముందు, "ఆగాగు, గా నల్ల చేతులతోని లోపట ఏది ముట్టకు. బయటనే నీళ్లు పెట్టిపిస్త, కడుక్కొని రా" అన్నాడు. అని, నా బండిని చూసి, "కుట్టుమిషన్ మంచిగనే నడుస్తున్నదా?" అని నవ్వాడు. వంద మందీ నవ్వారు. నేను బండి తిప్పుకుని ఇంటికొచ్చి, ఆ గేటు దాటితే నా పేరు మార్చుకుంటానని మా ఆవిడ ముందు ఒట్టు పెట్టాను. ఆమె కూరలో ఉప్పు చూసుకుంటూ సరే అంది. అక్కాచెల్లెళ్లిద్దరూ మాత్రం మా ఇద్దరి మీదా నవ్వుకుంటూ కలిసే ఉండేవాళ్లు, ఇప్పటికీ ఉన్నారు.

సరే, బండి. అది నిజంగానే కుట్టుమిషన్‌లా చప్పుడు చేసేది, ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే నేనూ నవ్వేవాణ్ని. రెండు స్ట్రోకుల ఇంజను, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. అడవిబాటకు దాన్ని తయారుచెయ్యడానికి ఆ చలికాలమంతా పట్టింది. ముందు ఇంజను వైపు పళ్లచక్రం తీసి ఒక పన్ను తక్కువది వేశాను, వేగం తగ్గుతుంది గానీ ఇసుకలో, రాళ్లలో బండి లాగుతుంది. కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనే తొడిగి కొసలు టేపుతో చుట్టి ఉంచాను, అడవిలో ఒకటి తెగితే రెండోది తగిలించుకుని పోవచ్చు. పదిహేను కిలోల నూనె డబ్బాలు రెండు సంపాదించి, పైరేకు కోసి మూతలు పెట్టి, కడ్డీలు వెల్డు చేసి వెనక చక్రానికి చెరో పక్క తగిలేలా చేశాను. ఒకదాంట్లో కిరసనాయిలు స్టవ్వు, గిన్నెలు, అటుకులు, మామిడికాయ తొక్కు. రెండోదాంట్లో రెంచీలు, ప్లగ్గు, ట్యూబులు, పంక్చర్ బిళ్లలు, గాలి పంపు, ఇసుకలో సైడు స్టాండు దిగబడకుండా కింద పెట్టే రేకు ముక్క. డేరాకు లారీ మీద కప్పే పాత తాటిపత్రి కత్తిరించాం. కట్టడానికి మా అత్త మంచం నవారు ఇచ్చింది, అది చాలక లారీ ట్యూబు చీల్చి రబ్బరు పట్టీలు చేశాను. ఆ రబ్బరు పట్టీలనే ఇప్పుడు రంగులేసి కొక్కేలు పెట్టి అమ్ముతున్నారు.

మామ కూర్చునే చోటుకు వెనక కుర్చీ వీపు ఒకటి బిగించి, గొంగడి మడతలు పెట్టి కుట్టాం. ఆయన్ని కండువాతో నా నడుముకు కట్టేసుకునేవాణ్ని. ఆదివారాలు చెరువు అవతలి రాళ్లల్లో తిప్పి అలవాటు చేశాను. పక్కచూపు లేకపోయినా ఆ మనిషికి బాట ఎలా తెలిసేదో! చక్రం కింద చప్పుడు మారగానే, "గీడ మొరం అయిపోయింది, ఇగ నల్లరేగడొస్తది, జర మెల్లగ" అనేవాడు. నిజంగా వచ్చేది. ఒకసారి సీతాఫలం పొదల్లో ఇద్దరం మెల్లగా, బండితో సహా పక్కకి ఒరిగాం. నేను కంగారుగా లేపబోతే మామ పొదలోంచే నవ్వుతున్నాడు. "ఎద్దు కన్న నయమే అల్లుడా, పడేసింది గని తన్నలేదు" అన్నాడు. ఒంటి మీద గీత లేదు. ఆ నవ్వు విని నాకు గోదారి అప్పుడే సగం వచ్చేసినట్టు అనిపించింది.

ఈ కబురు షడ్డకుడికి చేరింది. చేరకుండా ఉంటుందా, అక్కాచెల్లెళ్లున్నారుగా. ఒకరోజు నేను అత్తగారింటి ముందు డబ్బాలు బిగిస్తుంటే జీపు వచ్చి ఆగింది. దిగకుండానే, నాతో కాదు, మామతో మాట్లాడాడు. "మామా, కండ్లు సక్కగ కానరావు నీకు. కుట్టుమిషన్ మీద అడవులు తిరుగుతవా? పడితె ఎవడు జవాబు చెప్తడు? నేను జీపుల తీస్కపోత, రోడ్డు మీద, దర్జాగ." మామ, "నీ జీపు బాటల పట్టది బిడ్డా" అన్నాడు. "పట్టకపోతె పోకు. ముసలితనంల గిదేం శౌకు?" అన్నాడు. నేను రెంచీ కింద పెట్టి, "ఆయన అడిగింది నన్ను" అన్నాను. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. పడితే జవాబు ఎవరు చెప్తారన్న ఆ మాట మాత్రం దుమ్ముతో పాటు పోలేదు, మా అత్త చెవిలో పడి అక్కడే కూర్చుంది.

మా అత్త ముహూర్తం కోసం అయ్యగారి దగ్గరికి పోయి వచ్చింది. మా ఫ్యాక్టరీకి మంగళవారం నుంచి సెలవులు. మంగళవారం, బుధవారం ఉత్తరానికి వారశూల, ఆ దిక్కుకు బయలుదేరకూడదట. గోదారి ఉత్తరాన ఉంది, నేనేం చెయ్యను? దానికి మా పెద్దవాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది, ప్రస్థానం అంటారు. మంచి ఘడియలో మనిషి కదలలేకపోతే అతని మూట కదలాలి. పోవలసిన దిక్కులో ఉన్న ఇంకో ఇంట్లో మూట పెడితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత తీరిగ్గా వెళ్లి, దారిలో ఆ మూట ఎత్తుకుని పోవచ్చు. నియమాలు రెండే, ప్రయాణికుడు తప్ప ఇంకొకరు దాన్ని విప్పకూడదు, అలా గడప దాటిన మూట ప్రయాణం పూర్తికాకుండా మళ్లీ ఇంటికి రాకూడదు. సోమవారం ముహూర్తం బాగుందని అయ్యగారు చెప్పాడు. నేను ఆదివారమే డబ్బాలూ, తాటిపత్రీ, పట్టీలూ అన్నీ ఒక్క మూటగా కట్టి అత్తగారి అరుగు మీద పెట్టి, పంపించే పని ఆమెకు వదిలి, సోమవారం డ్యూటీకి పోయాను. మంగళవారం తెల్లవారగానే బండి వేసుకుని వస్తే అరుగు ఖాళీగా ఉంది.

"మూటేది అత్తా?"

"ఎల్లింది గద. నిన్న మంచి గడియల పంపిన" అంది, పళ్లు తోముకుంటూ.

"ఎవరింటికి?"

ఆమె నీళ్లు పుక్కిలించి ఊసి, అటువైపే చూస్తూ చెప్పింది. "ఉత్తరం దిక్కున మనోళ్ల ఇల్లు ఇంకోటేడిది? పెద్దల్లుని ఇంట్ల పెట్టిపిచ్చిన. ఆయనే జీపు పంపిండు. రెండు చేతులతోని మూట లేపి బండి మీద పెడ్తె, గింతకాలం కోపం దిగిపోతది. ఆయన సాగనంపినట్టు కూడ ఐతది."

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, ఇద్దరల్లుళ్ల సంగతీ తెలిసిన మనిషి, ప్రయాణమంతా కట్టిన మూటను పట్టుకెళ్లి పిల్లికి పాలకుండ అప్పగించినట్టు వాడింట్లో పెట్టిందే! మళ్లీ తెప్పించమన్నాను. ఆమె చెవులు మూసుకుంది. "ఎల్లిన మూట ఎనుకకొస్తదా? సావు కబురు ఇంట్లకు దెచ్చుకున్నట్టే" అంది. మామ అప్పటికే తలకు రుమాలు చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, బండి ఎక్కడానికి తయారుగా నిలబడ్డాడు. ఆ మొహం చూసి అత్తను వదిలేశాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు బండి కిక్కును విరిగేలా తన్నాను. ఆయన్ని కండువాతో నడుముకు కట్టుకుని ఉత్తరానికి, ఆ గేటు దగ్గరికి పోయాను.

గేటు బార్లా తెరిచి ఉంది. లోపల వాకిలి ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గేసి ఉంది. మెట్టు పక్కన జీపు, జీపు చక్రం కింద జరగకుండా ఒక బండరాయి. వరండా మీద నా మూట. మూట పక్కన మంచం మీద మా షడ్డకుడు, చేతిలో చాయ్ కప్పు, కడుపులో చల్ల కదలకుండా. నేను గేటు బయటే బండి ఆపాను.

"మూట" అన్నాను.

"ఉన్నది. లోపటికొచ్చి తీస్కపో."

"నల్ల చేతులోన్ని, లోపట ముట్టొద్దన్నవు గద. బయట పెట్టు."

"నేనేమన్న నీ కూలోన్నా? గేటు తెరిచే ఉన్నది. రాబుద్దైతె రా, లేకుంటె ఎనుకకు పో. నాకైతె మీరు పోకుంటెనే మంచిది."

"నీకు మంచిది గావాలని మేం పోతలేం" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయనా అన్నాడు. కుట్టుమిషన్ వచ్చింది, జీపు వచ్చింది, ఎప్పటిదో దావత్ వచ్చింది. ఎడ్లు పొడుచుకునేది మేం, మధ్యలో లేగదూడ మామ. ఆయన నా నడుముకున్న కండువా ముడి తనే విప్పుకున్నాడు. "మీరిద్దరు కొట్టుకోండ్రి. మూట నేను దెస్త" అని దిగి, కర్ర కూడా తీసుకోకుండా గేటులోంచి నడిచాడు. ఆయనకు ఎదురుగా ఉన్నది కనిపిస్తుందని చెప్పాను కదా. మూట కనిపించింది. తిన్నగా మూటనే చూస్తూ నడిచాడు. జీపు చక్రం కింది రాయి కనిపించలేదు.

నేను గేటు ఎప్పుడు దాటానో నాకు తెలియదు. మామను చెరో పక్కా పట్టుకున్నాం. ఆయన నొప్పికి పళ్లు బిగించి ఉన్నాడు. మామ తల ఒళ్లో పెట్టుకుని షడ్డకుడు నా వైపు చూసి, "ఇప్పుడొచ్చినవా లోపటికి" అన్నాడు.

ఆ మాటకు నేను ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా. జీపులోనే ఆస్పత్రికి తీసుకుపోయాం. తుంటి ఎముక విరిగింది. ఇక బండి ఎక్కడం కల్ల అన్నారు. రాళ్లల్లో, పొదల్లో, నా కుట్టుమిషన్ మీంచి పడితే గీత పడని మనిషి, ఊడ్చి ముగ్గేసిన పెద్దల్లుడి వాకిట్లో పడ్డాడు. దీనికి తప్పెవరిదో చుట్టాల్లో ఎవర్నడిగినా చెప్తారు, సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా. నాదని చెప్పేవాళ్లతో నాకు మాటల్లేవు. వానాకాలం వచ్చేసరికి డాక్టరు చెప్పినట్టే మామ చూపు పూర్తిగా పోయింది. మూటను నేను తేలేదు, ఆయన పంపలేదు. ప్రయాణికులు వచ్చి ఎత్తుకోవాలి, ఇంటికి తేకూడదు, ఇంకేం చేస్తాం.

మామ ఆ తర్వాత రెండేళ్లు మంచం మీద ఉన్నాడు. నేను ఆదివారాలు పోతుండేవాణ్ని. మొదటిసారి పోయినప్పుడు ఏడ్చాను. సిగ్గేముంది, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన చెయ్యి గాలిలో వెతుక్కుని నా తల దొరకబుచ్చుకున్నాడు. "ఎందుకేడుస్తవు? మూట ఎల్లింది గద. మనం ఎల్లినట్టే లెక్క" అన్నాడు. అప్పట్నుంచి ఎప్పుడు పోయినా, ఆ వారం మేం ఎక్కడిదాకా వచ్చామో చెప్పేవాడు. "ఇయ్యాల మోదుగుల గడ్డ దాటినం. నీ బండి జర ఏడ్సింది గని ఎక్కింది." "ఇయ్యాల వాగుల నీళ్లు మస్తున్నయ్, ఈ ఒడ్డుననే పండుదం." ఎడ్లబండి కంటే మెల్లగా నడిపేవాడు నన్ను. తొందరపడితే గోదారి వచ్చేస్తుందని ఆయన భయం కాబోలు. చివరి ఆదివారం మాట సరిగ్గా రావడం లేదు. "ఇసుక తగుల్తున్నది చక్రానికి" అన్నాడు. "రేవుకు రేపు పోదం." సోమవారం పోయాడు. పాడె ముందు వైపు నేనో కొమ్ము, షడ్డకుడో కొమ్ము పట్టాం. దారిలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇవన్నీ గుర్తొచ్చాక మూట పారెయ్యమని ఎలా చెప్తాను? ఫోను వచ్చిన వారానికి స్కూటరు వేసుకుని శామీర్‌పేట పోయాను. పోయేసరికి ఇల్లు సగం నేలమట్టమైంది. అక్కడ ఎన్నో అంతస్తులది కడతారట. పొక్లెయిన్ ఒకటి గోడల్ని చిక్కుడుకాయలు తుంచినట్టు తుంచుతోంది. గేటు లేదు. గేటు స్తంభాలూ లేవు. ఎక్కడ బయటో, ఎక్కడ లోపలో తెలియక నేను స్కూటరు ఎక్కడ ఆపాలా అని చూస్తుంటే, ఇటుకల కుప్ప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన కనిపించాడు. బాగా ఎండిపోయాడు. కాళ్ల దగ్గర మూట. సజ్జ మీంచి ఆయనే దింపినట్టున్నాడు, మసీ తుప్పూ అంటి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నేను రిటైరై చాలా ఏళ్లయింది, నా చేతులు తెల్లగా ఉన్నాయి. ఇలాంటి అవకాశం దేవుడు జన్మకొకసారి ఇస్తాడు.

"ముందు చేతులు కడుక్కో" అన్నాను.

"నల్లా కనెక్షన్ తీసేసిండ్రు" అన్నాడు, నా వైపు చూడకుండా.

మూట చుట్టూ తిరిగి చూశాను. నవారు ముడి నేను వేసిందే. తాటిపత్రి ఎలుకలు కొట్టాయి. పక్కన చిరుగులోంచి చెయ్యి పెట్టి తడిమితే డబ్బాలో గాలి పంపు లేదు. "పంపేది?" అన్నాను. జీపు టైరుకు వాడిన, ఎప్పుడో ఖరాబైంది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ప్రస్థానం మూటను విప్పినవా అని అరిచాను. ఆయనా లేచాడు. "విప్పలే! పక్కకెళ్లి గుంజిన. ముడి నీదే ఉన్నది, సూస్కో! గా మాత్రం నాకు తెల్వదా?" పొక్లెయిన్ వాడు ఇంజను ఆపి మా ఇద్దర్నీ చూశాడు.

మూట ఎత్తబోతే నా నడుం పట్టేసింది. ఆయన చిరాకుగా, "జరుగు" అని నన్ను పక్కకు నెట్టి, రెండు చేతులతో మూట లేపి స్కూటరు వెనక పెట్టాడు. రబ్బరు పట్టీలు లాగితే ముక్కలై రాలిపోయాయి, నవారుతోనే ఇద్దరం చెరో కొసా లాగి బిగించాం. మా అత్త కోరుకున్నది అదే, పెద్దల్లుడి చేత్తో మూట లేవడం. చూడటానికి ఆమె లేదు. ఉన్నా పెద్దగా సంతోషించేది కాదు, కోపం ఒక్క వీసమెత్తు దిగలేదు, ఇద్దరికీ. నేను స్కూటరు స్టార్టు చేస్తుంటే వెనక నుంచి గట్టిగా, "ఇంటికి తీస్కపోకు. ఎల్లిన మూట అది" అన్నాడు. "తెల్సు" అన్నాను.

ఉత్తరానికే తిప్పాను. బండ్లబాట ఉండాల్సిన చోట ప్లాట్ల రాళ్లు, వాటి నడుమ సందు ఒకటి కాస్త దూరం పోయి రింగు రోడ్డు గోడకు కొట్టుకుని ఆగింది. పైన లారీలు పోతున్నాయి. మూటను నేను ఇంటికి తేలేదు. ఎక్కడ పెట్టానో రాయను, రాస్తే షడ్డకుడికి తెలిసిపోతుంది. ఉత్తరం దిక్కునే పెట్టాను. మామ పోయాడు, అత్త పోయింది, ఆ ఇల్లూ గేటూ పోయాయి, పాతికేళ్లు పోయాయి. మేం బయలుదేరిన ఆ సోమవారం ఘడియ మాత్రం ఇంకా గడవలేదు.